ఆంగ్ల పరీక్షయు మన యింటి వ్యాకరణమును



గత మాసమున పిల్లల చేవ్రాతను గూర్చి ముచ్చటించి, ఈ మాసమున పద్యపఠనమును గూర్చి వ్రాసెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట చెల్లింపలేకపోయినందులకు మన్నింపుడు. ఈ నడుమ మా యింటి కొక పరీక్ష వచ్చిపడినది. పరీక్ష నాది కాదు, మా ఆడపడుచుది. అయినను నాలుగు నెలలు ఆమెతోపాటు నేనును కూర్చుంటిని. నేడు మన యాడపిల్లలలో ననేకులకు ఆంగ్లభాషా పరీక్షలు తప్పుట లేదు. మన రాష్ట్రమున బడిపంతులు పని కోరువారు వ్రాయు టెట్ పరీక్షలో 150 మార్కులకు 30 ఆంగ్లమునకే కేటాయించినారు. భర్తవెంట కాపురమునకు బ్రిటను వెళ్లు కోడలికి సైతము 2010 నవంబరునుండి ఆంగ్లము వినుటలోను మాటాడుటలోను ఒక చిన్న పరీక్ష యేర్పడినది. కావున మాకు తెలియవచ్చిన సంగతులు మీ చెవిని వేయుట మేలని తలంచితిని.

మా ఆడపడుచు నర్సింగు చదివి విజయవాడలో నొక యాసుపత్రిలో పనిచేయుచున్నది. బ్రిటను వెళ్లవలెనని ఆమె కోరిక. అచ్చట నర్సుల పేళ్లను పట్టికలో చేర్చుకొను నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వారు ఆంగ్లము వచ్చుననుటకు నిదర్శనము చూపుమందురు. వైద్యవృత్తులవారి కొఱకు ప్రత్యేకముగ నేర్పడిన ఓ.ఇ.టి. పరీక్షనైనను చూపవచ్చును, 1989లో మొదలైన ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షనైనను చూపవచ్చును. మా అమ్మాయి రెండవదానిని ఎంచుకొనినది. దానికి తొమ్మిది మెట్లు. నడుమ అరమెట్లును కలవు. వినుట, చదువుట, మాటాడుట యనువానిలో 7వ మెట్టును, వ్రాయుటలో 6.5ను అందుకొనవలెను. 2018 వఱకు వ్రాతలోను 7 కావలెననిరి. తరువాత ఆ అరమెట్టు తగ్గించినారు.

ఆమె రెండుమాఱులు పరీక్షకు వెళ్లినది. మూడింట గట్టెక్కినది. వ్రాతలో మాత్రము రెండుమాఱులును 6 దగ్గఱనే ఆగిపోయినది. ఒక్కమాఱునకు రుసుము పదునాఱు వేలకు పైబడినది. మొదటిదానికి తన జీతములోనుండి కట్టుకొనినది. ఆ యేడు మిరపకు ధర లేదు. మామగారిని అడుగుటకు ఆమెకు మనసొప్పక, రెండవదానికి మెడలోని గొలుసు నందిగామలో తాకట్టు పెట్టినది. ఆ సంగతి నాకు గాని మావారికి గాని చెప్పలేదు. రెండవ ఫలితము వచ్చిననాడు బస్సు దిగి తిన్నగ పెరటిలోనికి వచ్చి నా ప్రక్కను కూలబడి, “నాకు బుద్ధి లేదు వదినా. ఈ ఇంగ్లీషు నా తల కెక్కదు” అనినది.

నాకు కోపము వచ్చినది. రాత్రియెల్ల మేలుకొని ఎవరికే మందు, ఎవరికే సూది యని పేరుపేరున గుఱుతుంచుకొని పనిచేయు పిల్లకు బుద్ధి లేదా? “నీ నోటుపుస్తకము తెమ్ము, చూతము” అంటిని.

పుస్తకము తెఱచితిని గదా, పుటలనిండ ఎఱ్ఱసిరా. శిక్షణ నిచ్చినచోట అయ్యవారు ప్రతి తప్పునకు క్రిందను గీత గీసి, ప్రక్కను “గ్రామర్” అని వ్రాసియున్నారు. అంతకుమించి యొక్క ముక్క లేదు. మావారు మా యూరి బడిలో పదునైదేండ్లుగ పదవ తరగతివారికి ఆంగ్లము చెప్పుచున్నారు. వారి నడుగగా, “చదువగ చదువగ అదియే వచ్చును” అనిరి. రెండుమాఱులు రుసుము కట్టినపిల్లకు అదియే వచ్చువఱకు ఆగుటకు వీలున్నదా!

నా చదువు సంగతియు చెప్పవలెను. నేను బడికి పోయినదానను గాను. మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టుకొని భారతము, భాగవతము, బాలవ్యాకరణము చెప్పిరి. ఆంగ్లము పెండ్లియైన తరువాత మావారి బడిపుస్తకములలో ఏఱుకొనినది. కావున నేనేదో పండితురాలననుకొనకుడు. ఆ రాత్రి నేను చేసినది చిన్న పని. ఎఱ్ఱగీత పడిన వాక్యములను ఒక్కొక్కదానినే మాటకు మాట తెనిగించి మఱియొక కాగితముపై వ్రాసితిని. వ్రాసిన కొలది ఆశ్చర్యము కలిగినది. ఆ తప్పుల వాక్యములన్నియు తెనుగున నిర్దుష్టమైన వాక్యములు! పిల్ల వ్యాకరణము తప్పలేదు. ఇంగ్లీషు మాటలను పేర్చి, తెనుగు వ్యాకరణమును తు.చ. తప్పక పాటించినది.

ఇంకొకటి యేమనగా, తప్పులు వందలుగ కనబడినను వాని జాతులు అయిదాఱే. ఇది పెద్ద ఊరట. ఈ పరీక్షలో వ్రాతను నాలుగు విధముల తూచుదురు: అడిగినదానికి సరిగా జవాబిచ్చితిమా, చెప్పినది పొందికగ నున్నదా, పదసంపద యెంత, వ్యాకరణ మెట్లున్నది యని. నాలుగింటికి సమానమైన తూకము. వ్యాకరణమున 7వ మెట్టునకు కోరునది తప్పే లేకుండుట కాదు. తప్పులేని వాక్యములు తఱచుగ నుండుట. అనగా ప్రతి వాక్యమునను పడుచున్న రెండు మూడు జాతుల తప్పులను మాన్పగలిగిన చాలును, వ్రాత తానుగ పైకి లేచును. ఆ ఎఱుకతో వారమున కొక్క జాతినే పట్టుకొంటిమి.

మొదట పట్టుకొనినది ‘నుండి’. “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్” అని ఆమె వ్రాసినది. “నేను ఇచ్చట మూడేండ్లనుండి పనిచేయుచున్నాను” అని దీనికి తెనుగు. ఇందు దోషమేమున్నది? మనకు ‘నుండి’ యొక్కటే. “మూడేండ్లనుండి” అందుము, “సంక్రాంతినుండి” అందుము. మొదటిది కాలపు కొలత. రెండవది కాలపు మొదలు. మనము రెంటికిని ఒక్క గరిటెనే వాడుదుము. వారు కొలతకు ‘ఫర్’, మొదలునకు ‘సిన్స్’ వాడుదురు. ఆమెతో నిట్లు చెప్పితిని: “వ్రేళ్లపై లెక్కింపదగినదైన ‘ఫర్’ పెట్టుము, పంచాంగములో వ్రేలు పెట్టి చూపదగినదైన ‘సిన్స్’ పెట్టుము.” మూడేండ్లు, పది దినములు, రెండు గంటలు వ్రేళ్లపైకి వచ్చును. సోమవారము, సంక్రాంతి, 2022 పంచాంగములో కనబడును. ఇక క్రియ మాట. ఈ క్షణమున చేయు పనికిని, మూడేండ్ల క్రిందట మొదలై నేటికిని సాగుచున్న పనికిని మనకు ‘చున్నాను’ ఒక్కటే. వారికి రెండవది వేఱు: “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.”

దీనికి తోబుట్టువు వంటి తప్పు మఱియొకటి కలదు. “డాక్టరుగారు వచ్చినారు” అని వాకిట నిలిచి చెప్పితిమనుకొనుడు. వారు లోన నున్నారు. “నిన్న డాక్టరుగారు వచ్చినారు” అంటిమనుకొనుడు. వారు వచ్చిరి, పోయిరి. మన క్రియ మాఱలేదు. వారికి మొదటిది ‘హాజ్ కమ్’, రెండవది ‘కేమ్’. తెనుగుననే “వచ్చియున్నారు” అని మార్చి చూచిన గుట్టు తెలియును. “డాక్టరుగారు వచ్చియున్నారు” చక్కగ నున్నది. “నిన్న వచ్చియున్నారు” చెవికి ఎగుడుదిగుడుగ నున్నది. నిన్న, మొన్న, పోయిన యేడు, 2019లో అని గడచిన కాలమును పేర్కొనినచోట ‘హావ్’, ‘హాజ్’ అడుగు పెట్టవు. “ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే” అని మన చదువుకొనినవారే యెందఱో అనుచుందురు.

తరువాతి వారము నా పాలిటికి పండుగ. “షి ఈజ్ గివింగ్ మెడిసిన్స్ ఎవ్రీ మార్నింగ్,” “ఐ యామ్ నోయింగ్,” “ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్.” ఇవి చూడగనే నాకు మా నాయనగారి పాఠము జ్ఞప్తికి వచ్చినది. పరవస్తు చిన్నయసూరిగారు 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున వర్తమానము, భూతము, భవిష్యత్తు అనువానితోపాటు తద్ధర్మమని యొకదానిని చెప్పిరి. స్వభావమును, అలవాటును, ఎల్లకాలమునకు చెల్లు సత్యమును చెప్పు క్రియారూపమది. ఆవు పాలిచ్చును, నిప్పు కాల్చును, అత్తగారు వేకువనే లేచును. నేటి వాడుకలో దీని పట్టు సడలి, అలవాటునకును ‘ఇస్తున్నది’ యనియే అనుచున్నాము. ఇంగ్లీషువారు ఆ రెంటిని కలియనీయరు. వారి ‘గివ్స్’ ఇంచుమించు మన ‘ఇచ్చును’. వారి ‘ఈజ్ గివింగ్’ మన ‘ఇచ్చుచున్నది’. “అమ్మాయీ, వ్రాయుటకు ముందు పాత తెనుగున అనుకొని చూడుము” అంటిని. ‘ఎఱుగుదును’ అందుముగాని ‘ఎఱుగుచున్నాను’ అనము; కావున ‘ఐ నో’. ‘ఇద్దఱు చెల్లెండ్రు కలరు’ అందుము. కావున ‘ఐ హావ్’.

ఇచ్చటనే యొక చిత్రము దొరకినది. ఇంగ్లీషు క్రియ చివఱ ‘ఎస్’ చేర్చుట మా అమ్మాయి తఱచు మఱచుచుండెను. తద్ధర్మరూపములను వరుసగ చదువుడు: వండుదును, వండుదుము, వండుదువు, వండుదురు. అన్నిటను ‘దు’ యున్నది. రాముడు వండును, సీత వండును, యంత్రము వండును. ఇచ్చట ‘దు’ లేదు, మగ ఆడ భేదమును లేదు. సరిగా ఆ చోటనే వారి ‘ఎస్’ వచ్చును: ‘హి కుక్స్’, ‘షి కుక్స్’, ‘ఇట్ కుక్స్’. మన ‘దు’ పోయినచోట వారి ‘ఎస్’ నిలుచును! ఇది తోచినది రాత్రి పదునొకండు గంటలకు. ఇంటివారినందఱిని లేపి చెప్పవలెననిపించినది. ఉదయము మావారు కాఫీ త్రాగుచు విని, “మఱి ‘ఆవులు మేయును’ అన్నచో ‘దు’ లేదు గదా, ‘కౌస్ గ్రేజెస్’ అందువా?” అని పట్టుకొనిరి. నిజమే. పశువులు, వస్తువులు పెక్కైనపుడు ఈ కిటుకు చెల్లదు. ఆ యొక్క మినహాయింపును పిల్లచేత గోడపై వ్రాయించితిని. ఒంటియైన స్త్రీని ‘వచ్చినది’ అని ఆవుతో జతచేసి, నలుగురు కూడినపుడు మాత్రము ‘వచ్చిరి’ అని మగవారి వరుసలో నిలుపు మన వ్యాకరణమును గూర్చి ఇంకొక నెల పోరాడవలసియున్నది, ఇప్పుడు కాదు.

ఎఱ్ఱసిరాలో సగము ‘ఎ’, ‘ది’ యను రెండు చిన్న మాటలకే ఖర్చైనది. బడిపుస్తకమున వీనికి సూత్రములు పుటలకొలది యున్నవి. నేను వానిని మూసి పిల్లలకు చెప్పు కథ నెత్తుకొంటిని. ఒక యూరిలో ఒక ముసలమ్మ యుండెను. ఆ ముసలమ్మ ఒక మేకను పెంచెను. ఆ మేక ఒకనాడు తప్పిపోయెను. విను పసివానికి ముసలమ్మ యెవరో మొదట తెలియదు; కావున ‘ఒక’. తెలిసిన తరువాత ‘ఆ’. మొదటిది ‘ఎ’, రెండవది ‘ది’. ఇది నా కల్పన యనుకొంటిని. మావారు నిఘంటువు తీసి చూపగా, ‘ఎ’ యనునది ఒకటి అను అర్థముగల వారి ప్రాతమాటనుండియే పుట్టినదనియు, ‘ది’ యనునది ‘దట్’ అను మాటకు చుట్టమనియు తెలిసినది. ‘ఎ’ పక్కన అచ్చు వచ్చినపుడు ‘యాన్’ అగుటయు మనకు క్రొత్త కాదు. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ చేయునపుడు రెండచ్చులు తగులకుండ మనము యకారము నడ్డము పెట్టుదుము; వారు నకారము పెట్టుదురు. అది చెవికి సంబంధించినది, అక్షరమునకు కాదు. ‘యాన్ అవర్’, కాని ‘ఎ యూనివర్సిటీ’.

భేదమొక్కటి కలదు. తెలిసిపోవునపుడు మనము ఒక, ఆ అను మాటలను హాయిగ విడుతుము. “నేను నర్సును” అందుము. “నేనొక నర్సును” అనిన మనకు కృతకముగ నుండును. వారు ఒంటియై లెక్కింపదగిన పేరును అట్లు వట్టిగ విడువరు: “ఐ యామ్ ఎ నర్స్.”

ఇచ్చట నేను చేసిన తప్పును దాచరాదు. అందఱికి తెలిసినదానికి ‘ది’ పెట్టుమని చెప్పితిని. పిల్ల నా మాట వేదముగ నమ్మి, “ది చందర్లపాడు ఈజ్ నియర్ ది నందిగామ” అని వ్రాసినది. మావారు నవ్విన నవ్వు వీథివారు వినియుందురు. ఊళ్లకు, మనుష్యుల పేళ్లకు, జిల్లాలకు ‘ది’ రాదు. నదులకు వచ్చును. కృష్ణానది ‘ది కృష్ణా’. కృష్ణాజిల్లా ‘కృష్ణా డిస్ట్రిక్ట్’ మాత్రమే. మా చందర్లపాడు 2022 ఏప్రిలులో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గనుక జిల్లా పేరులోని కృష్ణ మాకు మిగులలేదు, ‘ది’ గల కృష్ణ మిగిలినది. దేశములకును సాధారణముగ రాదు. పేరులోనే రాజ్యమను మాట యున్నది గావున ‘ది యునైటెడ్ కింగ్‌డమ్’ అనవలెను. వెళ్లగోరిన దేశము పేరునే మా అమ్మాయి రెండు పరీక్షలలో తప్పుగ వ్రాసియుండునని తలచుకొని ఇద్దఱమును నవ్వుకొంటిమి. ఆమె వృత్తికి సంబంధించినది మఱియొకటి: బ్రిటనువారు ‘షి ఈజ్ ఇన్ హాస్పిటల్’ అనిన ఆమె రోగియై పడకపై నున్నదని యర్థము. పనిచేయుటకు, చూడబోవుటకు అయిన ‘ది’ యో ‘ఎ’ యో ఉండవలెను. ఉద్యోగపు కాగితమున నర్సు ‘ఇన్ హాస్పిటల్’ అని వ్రాసికొనిన ఏమగునో చూడుడు.

వంటయింటికి వత్తము. పాలు విఱిగినవి, నీళ్లు కాగినవి, వడ్లు ఎండినవి. ఇవి మనకు ఎప్పుడును బహువచనములే. ఒక పాలు, ఒక నీళ్లు అని లేవు. వారికి ‘మిల్క్’, ‘వాటర్’, ‘రైస్’ ఎప్పుడును ఏకవచనములే, లెక్కకు రానివి. ఇంతవఱకు పిల్లలకును తెలియును. చిక్కెక్కడ ననగా, మనము వేఱువేఱుగ లెక్కపెట్టు వస్తువులను వారు నీళ్లవలె ఒక్క ముద్దగ చూచుటలో. సలహాలు, సమాచారములు, పరికరములు, సామానులు, కుర్చీలు బల్లలు మనకు పెక్కు. వారికి ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఈక్విప్‌మెంట్’, ‘లగేజ్’, ‘ఫర్నిచర్’ నీళ్లవంటివి. వీని చివఱ ‘ఎస్’ చేరదు, ముందు ‘ఎ’ చేరదు. నీళ్లను చెంబుతో కొలిచినట్లు ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అని కొలిచి చెప్పవలెను. ఈ పరీక్షలో మొదటి వ్రాత అంకెల పటమును వర్ణించుట. అందు లెక్కకు వచ్చువానికి ‘నంబర్’, రానివానికి ‘అమౌంట్’. ‘నంబర్’ లోపలనే యొక ముల్లున్నది. ‘ది నంబర్ ఆఫ్ నర్సెస్ హాజ్ ఇంక్రీజ్డ్’ అనవలెను. ‘ఎ నంబర్ ఆఫ్ నర్సెస్ హావ్ లెఫ్ట్’ అనవలెను. తెనుగున చూచిన ముల్లు తానే యూడివచ్చును. “నర్సుల సంఖ్య పెరిగినది”. పెరిగినది సంఖ్య, అది యొకటి. “పెక్కుమంది నర్సులు వెళ్లిపోయిరి”. పోయినవారు నర్సులు, వారు పెక్కురు.

తెనుగు వలన చిక్కులే గాని సాయము లేదా యని మా అమ్మాయి అడిగినది. అడిగిన మఱునాడే “షి డిడ్ నాట్ వెంట్” అని వ్రాసి సాయమునకు దారి తీసినది. “ఆమె వెళ్లలేదు” అనుటలో ఏమున్నది? ‘వెళ్ల’ యనుట వట్టి ధాతువు తుమున్నంతముగ నున్న రూపము. దానికి కాలము లేదు. కాలమునెల్ల ‘లేదు’ మోయుచున్నది. “వెళ్లినలేదు” అని పసివాడైనను అనడు. అట్లే ‘డిడ్’ కాలమును మోయుచుండగ ‘గో’ వట్టిచేతులతో నడువవలెను. ‘డజ్ నాట్ కుక్స్’ అనుటయు నిట్టి తప్పే. ‘ఎస్’ను ‘డజ్’ ఎత్తుకొనినది. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఆమె ఆ తప్పు మరల చేయలేదు. నాలుగు నెలలలో నాకు గర్వము కలిగిన దినమదియొక్కటే.

తక్కినవి వేగముగ చెప్పెదను. “ఎక్కడికి పోవుచున్నావని అడిగినది” అనుటలో మన ‘అని’ ప్రశ్నను ఉన్నదున్నట్లు మోసికొనివచ్చును. వారికి అట్టి ‘అని’ లేదు. లోపలి ప్రశ్న వరుస మార్చుకొని మామూలు వాక్యమగును: ‘షి ఆస్క్డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్’. ఇక ‘నందిగామలో నున్న మా తమ్ముడు’ అనిన తమ్ములెందఱో మనము చెప్పనక్కఱలేదు. వారికి ‘మై బ్రదర్’ తరువాత కామా పెట్టి ‘హు లివ్స్ ఇన్ నందిగామ’ అనిన తమ్ముడొక్కడే. కామా లేకున్న వేఱొక యూరిలో ఇంకొకడుండెను. కామాతో తోబుట్టువుల సంఖ్య మాఱుటయా యని మా అత్తగారు ముక్కుపై వ్రేలు వేసికొనిరి.

ఒకనాడు పిల్ల విసిగి, “మనకే యెందుకీ పరీక్షలు వదినా, వారెన్నడైన మన భాషకు పరీక్ష వ్రాసిరా?” అనినది. వ్రాసిరి. 1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాల పెట్టి, కొత్తగ దిగిన కంపెనీ దొరలకు తెనుగు, అఱవము మొదలగు భాషలు నేర్పి పరీక్షించెడివారు. వారి కొఱకు కాంబెల్ దొర 1816లో తెనుగు వ్యాకరణమును ఆంగ్లమున వ్రాసెను. 1817లో చెన్నపట్టణము చేరిన బ్రౌన్ దొరయు ఆ కళాశాలలో తెనుగు చదివి పరీక్ష నిచ్చినవాడే. తరువాత 1840లో తానే తెనుగు వ్యాకరణము వెలువరించెను. ఒంటిగ ‘వచ్చినది’, కలసి ‘వచ్చిరి’ అను మన స్త్రీలతో ఆ దొరలెంత తలపట్టుకొనిరో తలచుకొనుమని చెప్పగా, పిల్ల నవ్వి మరల కలము పట్టినది.

మేము చదివిన పద్ధతి ఇది. ఆమె విజయవాడలో, నేనిచ్చట. డ్యూటీ దిగిన తరువాత ఒక పుట వ్రాసి, ఫొటో తీసి వాట్సాపులో పంపెడిది. నేను ఆ వారపు జాతి తప్పునొక్కదానినే వెదకెడిదానను. గీత గీసి ఊరకుండక, ఆ తప్పు ఏ తెనుగు మాటనుండి పుట్టినదో ప్రక్కను వ్రాసెడిదానను. నాకు తెలియనిదానిని మావారు చూచెడివారు. “చదువగ చదువగ అదియే వచ్చును” అను మాట వారు మరల అనలేదు. మొన్న తరగతిలో ‘ఒక ముసలమ్మ, ఆ ముసలమ్మ’ కథ చెప్పివచ్చిరట.

మూడవ ఫలితము వచ్చినది. తక్కిన మూడును 7కు తగ్గలేదు, వ్రాతలో 6.5. ఆమె ఆసుపత్రి మెట్లపైనుండియే ఫోను చేసి, “వదినా, ఆఱున్నర” అని మాత్రమనినది. మామగారికి అర మార్కున కింత సంబరమేమో అర్థము కాలేదు గాని, నాడు వారే స్వయముగ తాకట్టు చీటి యడిగి పుచ్చుకొనిరి. ఆమెకు గొలుసు సంగతి ఇంట ఎవరికిని తెలియదని నేటివఱకు నమ్మకము! గొలుసింకను నందిగామలోనే యున్నది. మిరప అమ్మినపిమ్మట విడిపింతుమనుచున్నారు. బ్రిటనుకు ఇంకను ఇంటర్వ్యూలు, కాగితములు చాల కలవు.

మీ కొఱకు మూడు వాక్యములు మా అమ్మాయి పుస్తకమునుండి తీసి యిచ్చుచున్నాను, దిద్ది యుంచుడు. “షి డిడ్ నాట్ టుక్ హర్ మెడిసిన్స్.” “ది నంబర్ ఆఫ్ పేషెంట్స్ హావ్ ఇంక్రీజ్డ్.” “మై మదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్ సిన్స్ ఫోర్ డేస్.” మూడవదానిలో తప్పువలె కనబడునది యొకటి తప్పు కాదు, దానిని ముట్టుకొనకుడు. జవాబులు వచ్చు నెలలో పద్యపఠనమునకు ముందు ఇచ్చెదను.